ఏడోవాడి కూతురు

మూడో బల్ల తుడిచేసరికి గుడ్డ నల్లబడింది. సుశీలాబాయి దాన్ని బకెట్లో జాడించి, పిండి, నాలుగో బల్ల మీదికి వంగింది.

సిరోంచలోని ఆ పాత మెథడిస్టు చర్చిలో పన్నెండు బల్లలున్నాయి. ఆదివారం మనుషులు కూర్చునేవి రెండే. అయినా ఆమె పన్నెండూ తుడుస్తుంది. ఏది ఏ ఇంటివాళ్లదో ఎక్కడా రాసిలేదు, ఆమెకు మాత్రం తెలుసు. మొదటిది కాంపౌండరు ఇంటివాళ్లది, వాళ్లు బల్లార్షా గనులకు పోయారు. రెండోది ఏటపల్లికి బదిలీ అయిన టీచరమ్మది. మూడోదాని వాళ్లు బస్టాండు వెనుక మైకులు పెట్టి పాడే కొత్త మందిరానికి వెళ్తున్నారు. నాలుగోది తన తండ్రి బక్కయ్యది. ఈ సంఘం మొదలైన రోజున ప్రాణహిత నీళ్లతో బాప్తిస్మం పొందిన ఏడుగురిలో ఆయనొకడు.

లోపలి పని అయ్యాక చీపురు తీసుకుని చర్చి వెనక్కి నడిచింది. అక్కడ భర్త కిష్టన్న సమాధి ఉంది. దాని పక్క ఆరడుగుల నేల తనది. పదకొండేళ్లుగా అక్కడ గడ్డిపోచ మొలవనివ్వలేదు.

కొడుకు వెంకటేశ్వర్ ఆటో గేటు బయటే ఆపి, నడిచి వచ్చాడు.

"అమ్మా, మా పిల్ల సింధూజకు నర్సింగు సీటొచ్చింది గని, కులం కాగితం పక్కాగ కావాలంటుండ్రు. జాంచ్ చేసెటోళ్లు ఇంటికొస్తరట. చుట్టుపక్కలోళ్లను గూడ అడుగుతరట."

"అడగనీ. మనమేమన్న దొంగలమా?"

"దొంగలమైతే ఇంత పరేషాన్ ఉండకపోవు. చర్చి రిజిస్టర్ల మన పేర్లుంటే, కిరస్తానోళ్లకు ఆ కాగితం చెల్లదని పిల్ల సీటు పోతది. తీసెయ్యమని అయ్యగారికి చెప్పు."

"నా పేరు గూడనా?"

"నీదే ముందు. నీ కిందనే మా ముగ్గురివి ఉన్నయి. ఇగ ఈడికి రాకు."

"ఊడ్చెటోళ్లను గూడ లెక్కవెడతరారా?"

వెంకటేశ్వర్ సమాధి వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పాస్టరు గౌరవ్ బీరువా ముందు కూర్చుని ఉన్నాడు. వందేళ్ల పండుగకు సంఘ చరిత్ర అచ్చు వేయాలని చంద్రపూర్ నుంచి బదిలీ మీద వచ్చినప్పటి నుంచీ పాత రిజిస్టర్లు తిరగేస్తున్నాడు.

"మంచిగ వచ్చినవమ్మా. మొదటి పేజీ చెదలు తిన్నది. ఏడుగురిల ఆరు పేర్లే దొరికినయి. ఏడో ఆయన మీ నాయనేనని అంటరు. నువ్వు చెప్తే పుస్తకంల రాస్త."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఆయన కాదు అయ్యగారు. ఎవరో నాకెరుక లేదు."

తరువాత తాను వచ్చిన పని చెప్పింది. ఆయన కలం మూత తీసి, అలాగే పట్టుకున్నాడు.

"తీసేస్తే ఎనక జాగ గూడ ఉండదమ్మా. మెంబర్లకే. రూలు నాది కాదు."

"రూలు ఎవ్వలదీ కాదు అయ్యగారు. గీసెయ్యుండ్రి."

ఆయన స్కేలు పెట్టి నాలుగు పేర్ల మీద నాలుగు గీతలు గీశాడు. గీతలు వంకర లేకుండా వచ్చాయి. ఆమె బకెట్ బోర్లించి, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లింది.

వానలు మొదలైన రెండో వారంలో ఒక పొద్దున సుశీలాబాయి లేవలేదు. జాంచ్‌కు ఇంకా ఎవరూ రాలేదు. ఎప్పుడొస్తారో తెలియదు. అందుకని వెంకటేశ్వర్ తల్లి నుదుట విభూతి పెట్టించి, ప్రాణహిత ఒడ్డుకు తీసుకుపోయాడు. కట్టెలు తడిసి ఉండడంతో కిరసనాయిలు రెండుసార్లు పోయాల్సి వచ్చింది. గౌరవ్ రోడ్డు మీదే గొడుగు కింద నిలబడ్డాడు, బైబిలు తేలేదు.

తిరిగి వచ్చేసరికి చర్చి వెనుక కిటికీలోంచి జల్లు లోపలికి కొడుతోంది. రెక్క మూయడానికి వెళ్లిన ఆయనకు చివరి బల్ల వెనుక, సుశీలాబాయి బోర్లించిపోయిన బకెట్ పక్కన, గోడ వారగా, నాలుగు మడతలు పెట్టిన గోనెపట్టా ఒకటి కనిపించింది. మోకాళ్లు ఆనిన చోట దాని మీద రెండు గుంటలు పడి ఉన్నాయి.