ఒక్క ఉదాహరణ

మా గణిత విభాగంలో సెమినార్ అంటే బుధవారం మధ్యాహ్నం సమోసాలు. ఈ మాటంటే మా హెడ్ ఉమేష్ సార్‌కి ఒళ్లు మండుతుంది. మండనీ. జగదల్‌పూర్‌లో ఆ మేడ మెట్లెక్కి అయిదేళ్లు ఆ సెమినార్లు విన్నదాన్ని, ఆమాత్రం అనే హక్కు నాకుంది.

మా పద్ధతి ఇది. మాట్లాడబోయే స్కాలర్ తరఫున గైడు ముందురోజే చీటీల మీద ప్రశ్నలు రాసి ఇద్దరి చేతుల్లో పెడతాడు. జవాబులు స్కాలర్‌కి ముందే కంఠతా వచ్చి ఉంటాయి. ప్రసంగం కాగానే చీటీ ఉన్నవాళ్లు లేచి, అప్పుడే బుర్రకు తట్టినట్టు మొహం పెట్టి అడుగుతారు. జవాబు, చప్పట్లు, సమోసాలు. చీటీ లేనివాడు నోరు తెరవకూడదు. ఇంకో ఆచారం కూడా ఉంది. వినాయకుడి పూజ లేనిదే ఏ శుభకార్యమూ మొదలుకానట్టు, మా దగ్గర ఏ థీసిస్ అయినా రెండో అధ్యాయం ఉమేష్ సార్ సిద్ధాంతం మీదే కట్టాలి. ఫలానా షరతులు పాటించే ఫంక్షన్‌కి కదలని బిందువు ఒకటి తప్పక ఉంటుందన్నది ఆ సిద్ధాంతం.

మొన్న వానాకాలంలో నేను ఆ పద్ధతి తప్పాను.

ఆ రోజు మాట్లాడింది మంగల్. భేజ్జి నుంచి వచ్చిన దోర్ల తెగ కుర్రాడు, నా తర్వాత చేరినవాడు. నాది భోపాల్‌పట్నం. డిపార్ట్‌మెంట్‌లో తెలుగు మాట్లాడేది మేమిద్దరం, నా గైడు ఈశ్వరరావు సార్, అంతే. మంగల్ నన్ను అక్కా అని పిలిచేవాడు. చీటీ ప్రశ్నలు అయిపోయాయి, అందరి కళ్లూ సమోసాల మీదికి మళ్లాయి. నేను చెయ్యెత్తి, "ఒక్క ఉదాహరణ ఇవ్వు" అన్నాను.

ఎందుకన్నానో చెప్తాను. మా నాన్న వెంకన్న శెట్టి చింతపండు, ఇప్పపువ్వు కొంటాడు. బస్తా మూతి దగ్గర సరుకు ఎంత నిగనిగలాడనీ, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీసి చూడందే కాటా మీదికి ఎక్కించడు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని. సార్ సిద్ధాంతానికి ఇన్ని షరతులని మంగల్ బోర్డు నిండా రాసి, వాటికి సరిపోయే ఫంక్షన్ ఒక్కటీ చూపకపోతే నా చెయ్యి ఊరుకోదు.

మంగల్ ప్రయత్నించాడు. ఏది రాసినా ఏదో ఒక షరతు దగ్గర బెడిసికొట్టింది. అతని చేతిలో చాక్‌పీస్ విరిగింది. కొట్టేయగా కొట్టేయగా చివరికి ఒక్కటే మిగిలింది, స్థిర ఫంక్షన్. అంటే ఏ బిందువు ఇచ్చినా తీసుకెళ్లి ఒకే చోట పడేసేది. దానికి కదలని బిందువు ఒకటుందని చెప్పడానికి సిద్ధాంతం దేనికి, చంటిపిల్లాడైనా చెప్తాడు. సిద్ధాంతం తప్పు కాదు. ఖాళీ. ఉమేష్ సార్ ఇన్నేళ్లూ తన పేరు అచ్చువేసి అమ్మిన బస్తాలో సరుకు లేదని ఆ గదిలో అందరికీ అర్థమైంది.

నేను గురిపెట్టింది ఉమేష్ సార్‌కి. తగిలింది మంగల్‌కి. "సొంత అధ్యాయానికి ఉదాహరణ కూడా ఇవ్వలేనివాడు" అని అతని సెమినార్ కొట్టేసి, ఏడాది ఆగి మళ్లీ రమ్మన్నారు. పెద్దమనిషి తన సిద్ధాంతం ఊసే ఎత్తలేదు.

మర్నాడు మంగల్ నన్ను వరండాలో నిలదీశాడు.

"నీకేంది? డిగ్రీ రాకుంటే మీ నాయిన దుకాణంల కూసుంటవ్. నేనేడ కూసోవాలె?"

"నేను సార్‌ను అడిగిన మంగల్, నిన్ను కాదు."

"బోర్డు కాడ నిలవడ్డది సారా, నేనా? గంత దమ్ముంటే సార్ సెమినార్ల అడగకపోయినవ్?"

అక్కా అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. నా మొహం చూస్తే ఉమ్మేసినంత పని చేసేవాడు. నాకూ పౌరుషం ఉంది కదా, నేనూ పలకరించడం మానేశాను.

అసలు కథ తర్వాత ఉంది. ఊరందరి బస్తాలో చెయ్యి పెట్టినదాన్ని, నా బస్తా మాత్రం వదులుతానా? మంగల్ నిలదీసిన ఆ సాయంత్రమే నా రెండో అధ్యాయం తీశాను. షరతులు మంగల్‌వి కావు, గుర్తులు వేరు, కానీ పిండితే వచ్చింది అదే స్థిర ఫంక్షన్. అచ్చయిన నా రెండు పేపర్లలో ఒకటి అది. రెండు లేకపోతే థీసిస్ తీసుకోరు.

ఈశ్వరరావు సార్ దగ్గరికి పరుగెత్తాను. కిరందుల్ గనుల కాలనీలో పెరిగిన ఆంధ్రా మనిషి, గొడవ అన్న మాట వింటే చాలు జ్వరం వస్తుంది ఆయనకి.

"చూడమ్మా అన్నపూర్ణా, రెండో అధ్యాయం ఎవడూ చదవడు. మూడోది నీ సొంతం, అది ఇనుము. డిసెంబరుతో నీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోతోంది. సెమినార్‌లో హెడ్ సంతకం పడిందా, గట్టెక్కావు. లేదంటే ఇన్నాళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరు. నోరు కట్టేసుకో తల్లీ."

కట్టేసుకుంటానన్నాను. నిజం కోసం ఉరికంబం ఎక్కే రకం కాదు నేను. నాకు డిగ్రీ కావాలి. గట్టిగా కావాలి.

నా బుధవారం వచ్చింది. ఈశ్వరరావు సార్ ఒక చీటీ తోటి స్కాలర్ సుమిత్రకిచ్చాడు. రెండోది, పోయి పోయి, మంగల్‌కిచ్చాడు. "వాణ్ణి మంచి చేసుకుంటే గొడవుండదమ్మా" అన్నాడు. ఆయన తెలివి అలాగే ఉంటుంది.

ఉమేష్ సార్ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అంతా హిందీలోనే నడిచింది. మొదటి వాక్యం పూర్తి చేయనివ్వలేదు. ఈ గుర్తుకి అర్థమేమిటి, అది పక్కన ఎందుకు రాశావు, భోపాల్‌పట్నంలో ఇలాగే నేర్పుతారా. వెనక కొందరు నవ్వారు. నేను ఒక్కొక్క ముల్లూ తీసుకుంటూ నడిచాను. మూడో అధ్యాయానికి రాగానే అడగకుండానే ఉదాహరణ రాశాను: సున్నా నుంచి పైకి ఉన్న ప్రతి x ని x/(1+x) కి పంపే ఫంక్షన్. ఏ రెండు బిందువులైనా అడుగడుగునా దగ్గరవుతాయి, కానీ ఎంత వేగంగానో ముందే మాటివ్వలేం. అయినా అన్నీ సున్నా దగ్గరికే చేరతాయి. ఎంత వెతికినా ఆయనకి అందులో రాయి దొరకలేదు. నాకు లోపల పండగే.

అప్పుడు ఆయన నవ్వాడు.

"మరి రెండో అధ్యాయం, బేటీ? నా సిద్ధాంతం సరైనదేనా? అందరూ వినేలా చెప్పు."

"సరైనదే సార్."

అబద్ధం కాదది. ఖాళీ బస్తాకి కుట్లు సరిగ్గానే ఉంటాయి. ఆయన తృప్తిగా వెనక్కి వాలి, కాగితం ఒళ్లోకి లాక్కుని పెన్ను మూత తీశాడు. నేను ఆ పెన్ను వైపే చూశాను. సుమిత్ర తన చీటీ చదివింది. నేను కంఠతా పట్టింది అప్పజెప్పాను.

మంగల్ లేచాడు. చీటీ చూసుకున్నాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండో అధ్యాయానికి ఒక్క ఉదాహరణ ఇవ్వు" అన్నాడు హిందీలో, గోడలు వినేటట్టు.

"బైఠో!" అని ఉమేష్ సార్ అరిచాడు. "టైమ్ అయిపోయింది. చీటీలో ఉన్నది అడుగు, లేకపోతే కూర్చో."

"అవునవును, సమోసాలు చల్లారిపోతున్నాయి" అంటూ ఈశ్వరరావు సార్ సగం లేచాడు.

నాకు ఆయాసం వచ్చేంత నవ్వొచ్చింది. అన్నేళ్లలో ఉమేష్ సార్ నా పక్షాన నిలబడింది ఆ ఒక్కసారే. నేను ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, మంగల్‌ని వాళ్లే కూర్చోబెడతారు, సంతకం పడుతుంది.

మంగల్ కూర్చోలేదు. న్యాయం కోసం లేచిన మొహం కాదు అది. ఒట్టి పగ. నేను నీళ్లు నమలడం చూడాలని వచ్చాడు, తను తడబడ్డట్టే నేనూ తడబడాలని. ఆ క్షణంలో ఉమేష్ సార్ కంటే ఎక్కువగా వాణ్ణి అసహ్యించుకున్నాను. చచ్చినా వాడికా ముచ్చట తీరనివ్వను అనుకున్నాను. పైగా ఆ ప్రశ్నకి ఇంకో జవాబు లేదు.

"స్థిర ఫంక్షన్. అది తప్ప ఇంకేదీ లేదు" అన్నాను. అక్కడితో ఆగలేదు. "మంగల్ అధ్యాయానికీ అదే. ఇక్కడ కూర్చున్న మనందరి రెండో అధ్యాయాలకీ అదే. సిద్ధాంతంలో ఇంకేమైనా ఉంటే సార్ వచ్చి బోర్డు మీద రాయొచ్చు."

చాక్‌పీస్ ఆయన వైపు చాపాను. ఆయన దాని వైపు చూడలేదు. పెన్నుకి మూత పెట్టి, జేబులో దోపుకుని, "అసంతృప్తికరం" అని ఒక్క మాట అనేసి బయటికి వెళ్లిపోయాడు. వెనకే అందరూ వెళ్లారు, సమోసాల దగ్గరికి. ఈశ్వరరావు సార్ గుమ్మంలో ఆగి, "చేతులారా చేసుకున్నావమ్మా" అన్నాడు. ఆయనా వెళ్లాడు.

ఏడుపు తన్నుకొచ్చింది. మంగల్ ఇంకా వెనక బెంచీ దగ్గరే ఉన్నాడు. వాడి ముందు ఏడవకూడదని డస్టర్ తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

"ఎట్లుంటదో ఎరుకైందా?" అన్నాడు.

"ఎరుకైంది. సంబురమైందిగా, ఇగ పో."

పోలేదు. బెంచీలు దాటుకుంటూ వచ్చి, ఇందాక ఉమేష్ సార్ కూర్చున్న కుర్చీలో కూర్చున్నాడు.

"మూడో అధ్యాయం తుడవకు. మొదటి లైను కాడికెళ్లి మళ్ల జెప్పు. దాంట్ల గూడ అడుగుత."

చెప్పి ఏం లాభం, సంతకం పోయింది, డిగ్రీ పోయింది, భోపాల్‌పట్నం బస్సెక్కడమే మిగిలింది. అయినా చాక్‌పీస్ తీసుకుని మొదటి లైను రాశాను. ఎక్కడ దొరుకుతానా అని పగవాడిలా చూస్తున్నాడు. రెండో లైనుకే చెయ్యెత్తాడు. అయిదేళ్లలో నా సెమినార్ వినడానికి వచ్చింది వాడొక్కడే.