ఉప్పు తగ్గిన పోర్కెత్తా

టక్!

కత్తి తగిలింది. కాలిన తోలు ఫెళ్ళున విరిగింది. వెల్లుల్లి, మిరియం, అడవి సోంపు — గుప్పుమని వాసన సంతంతా పాకింది.

నేవియా గుండె దడ ఆగదే!

నలభై ఏళ్ళు ఈ బండి మీద నాన్న దుయీలియోనే కోశాడు. ఎముకలు తీసిన పందిని సోంపుతో, కార్జంతో కూరి, చుట్టి, దారంతో బిగించి, కట్టెల పొయ్యిలో కాల్చాడు. అదే పోర్కెత్తా. ఉంబ్రియా కొండల్లోని ఈ ఊరికి పోర్కెత్తా అంటే ఆయనే.

ఈ గురువారం మాత్రం మొదటిసారి... పూర్తిగా ఆమె చేతిది.

నాన్నకు గుండెజబ్బు. డాక్టరు ఖండితంగా చెప్పాడు. వారానికి ఒక్క ముక్క. నడుము మాంసమే — బలముంటుంది, కొవ్వు తక్కువ. తోలు ముట్టకూడదు. ఉప్పు తగ్గించాలి.

తగ్గించింది. ఎవరికీ చెప్పకుండా, మొత్తం పందికీ సగానికి సగం తగ్గించేసింది. నాన్న తినాలి. ఇంకేమీ తోచలేదు.

ఇక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరని మర్చిపోయింది! రొట్టెకు ఉప్పు మాంసమే ఇవ్వాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ రొట్టే తిన్న మనిషి మర్చిపోయింది!

మాంసం పెట్టిన మొదటి రొట్టె యోలాండా పిన్నికి. సంతలో ఆవిడ నోటికి ఎదురులేదు.

నమిలింది. ఆగింది.

"ఏమే నేవియా, ఇది సంతా, ఆస్పత్రా?"

వరసంతా నవ్వులు. నేవియా మొహం కందిపోయింది. ఇంక ఈ బండి దగ్గరికి ఎవరొస్తారు?

బండి పక్కనున్న కుర్చీలోంచి నాన్న లేచాడు. చిన్న తునక నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు... కూతురి గుట్టంతా ఆ నాలుక మీద దొరికిపోయింది.

"నాకోసమేనా?"

ఆమె తలూపింది.

ఆయన ఉప్పూ మిరియం కలిపిన గిన్నె లాక్కున్నాడు.

"రండి, రండి! మాంసం మా అమ్మాయిది, ఉప్పు నాది! ఎవరికెంత కావాలో నోరు తెరిచి అడగండి!"

చిటికెడు. ఇంకో చిటికెడు. యోలాండా పిన్ని మళ్ళీ నమిలింది. ఇంకో రొట్టె కోసం చెయ్యి చాపింది!

వరస పెరిగింది. కత్తికి ఊపిరి సలపలేదు. నేవియా నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. ఎంత సంతోషం!

జనం పలచబడ్డాక నాన్న తన వారం ముక్క తీసుకున్నాడు. ఉప్పు చల్లుకోలేదు. ఆబగా తినేశాడు.

"అమ్మాయ్... ఒక్క తోలు ముక్క. గోరంతే."

డాక్టరు మాట చెవిలో ఉంది. నాన్న కళ్ళు ఎదురుగా ఉన్నాయి.

సోంపు వాసన ఇంకా గుప్పుమంటూనే ఉంది. నేవియా కత్తి ఎత్తింది...