రెండో వరుస ఎలుకలు

ఓర్వకల్లు దారిలో ఉన్న పరిశోధన కేంద్రంలో దౌలత్ బీ రోజూ పొద్దున ఏడింటికి ఎలుకల గది తెరిచేది. బోన్లు కడిగి, పొట్టు మార్చి, గింజలు పోసి, పదకొండుకు ఇంటికి పోయేది. పంటినొప్పికని బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఆ గదిలో ట్యూబులైటు కాలిపోయి ఏడాదయింది. ఎలుకకు ఏదైనా గుర్తుకొస్తే ముక్కు వెనక చిన్న వెలుగు పుట్టి, చెవి దాకా దారంలా సాగేది. తిండి గుర్తుకొస్తే పసుపు, భయం గుర్తుకొస్తే నీలం. ఆ వెలుగు చాల్లెమ్మని ఆఫీసువాళ్లు కొత్త లైటు వేయించలేదు.

ఆమె పోయాక భూపేష్ వచ్చేవాడు. డాక్టరేటు కోసం అతను చేసే పని ఒకటే. మొదటి వరుస ఎలుకలకు లవంగ నూనె వాసన చూపించి, వెంటనే కాళ్లకు చిన్న కరెంటు తగిలించాలి. కొన్నాళ్లకు వాసన ఒక్కటే తగిలినా నీలం వెలగాలి. రెండో వరుసవి పోల్చి చూసేందుకు ఉంచినవి, వాటికి కరెంటు ముట్టించకూడదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆర్నెల్లయినా లవంగం వాసనకు పసుపే వెలిగింది.

కారణం తెలిసిన రోజు భూపేష్ ఆమెను గేటు దగ్గరే నిలేశాడు.

"నోట్లో ఏముండాది? ఉమ్మెయ్. నా ఆర్నెల్ల కష్టం నీ నోట్లో నలుగుతాండాది."

"నా పన్ను, నా లవంగం. మేత పెట్టే మనిషి వాసన అవి మర్చిపోతాయా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ కత."

"నిన్ను ఈడ ఉండనిస్తే నా పేరు భూపేషే కాదు."

అన్నంత పనీ చేశాడు. అతని ఫిర్యాదు మీద పెద్దసారు రామకృష్ణ ఆమెను పనిలోంచి తీసేసే కాగితం టైపు చేయించాడు. సంతకం పెట్టేముందు ఒకసారి కళ్లారా చూద్దామని ఎలుకల గదికి వచ్చాడు. పదహారేళ్ల కొలువు. దౌలత్ బీ బోన్ల పక్కనే నిలబడింది, తల వంచలేదు.

కరెంటు పెట్టే మనిషిని చూసి ఎలుకలు బెదురుతాయని రామకృష్ణ భూపేష్‌ను బయటే ఉండమన్నాడు. దూది లవంగ నూనెలో ముంచి మొదటి వరుస ముందు పట్టాడు. ఒక్కో తలలో పసుపు వెలిగింది.

"తప్పు నీదేనమ్మా. చదువుకునే పిల్లోని కష్టం మట్టిపాలు చేసినావు."

"లవంగం నమలొద్దని ముందే నాకు ఎవరూ చెప్పలేదు సార్."

"ఇంక చాలు," అని ఆయన పెన్ను తీశాడు.

తలుపు సందులోంచి చూస్తున్న భూపేష్ ఆగలేకపోయాడు. "నేను చెప్తే నమ్మితిరా సార్? ముందు గెంటేయండి దీన్ని," అంటూ లోపలికి వచ్చేశాడు.

మొదటి వరుస నీలమైంది. అది అనుకున్నదే. దాని వెంబడే రెండో వరుస కూడా నీలమైంది. ఎలుకలన్నీ బోను మూలలకు కరుచుకుపోయి, కదలకుండా అతన్నే చూశాయి.

"వీటికి కూడా కరెంటు ఇచ్చినావా?" అన్నాడు రామకృష్ణ.

"లేదు సార్."

భూపేష్ నోరు విప్పగానే నీలం ఇంకా చిక్కబడింది. రామకృష్ణ రెండో వరుస బోన్లను వేలితో చూపించాడు.

"దీని మీద కోపంతో ఇచ్చినా సార్," అన్నాడు భూపేష్ పళ్లు కొరుకుతూ. "దీన్నేమీ చేయలేక."

"నన్ను కొట్టింటే సరిపోయేది కదప్పా," అంది దౌలత్ బీ. "వాటి జోలికి యాల పోయినావు?" ఆమె గొంతులో అతని మీద జాలి రవ్వంత కూడా లేదు.

రామకృష్ణ కాగితాన్ని బోను మీద పరిచాడు. ఆ నీలం వెలుతురులోనే ఆమె పేరు కొట్టేసి, పైన భూపేష్ అని రాసి, సంతకం పెట్టాడు.