పురికొస విప్పిన దొంగ

దర్జీ అక్క విప్పిన పొట్లంలో లైబ్రేరియన్ పెట్టిన పుస్తకం లేదు.

"ఇది నాకేనా అమ్మా?" అంటూ దర్జీ అక్క ఒక లావుపాటి పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. "ఇటుకలా ఉంది. ఇస్త్రీ మడతల మీద బరువుకి పెట్టుకోమన్నావేమో అనుకున్నా."

లైబ్రేరియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తను కట్టింది సన్నటి కథల పుస్తకం. ఒక కాలరు కుట్టేలోపు ఒక కథ అయిపోతుంది. ఇదేమో సముద్రయానాల గ్రంథం.

ఆమె ఈ లైబ్రరీకి వచ్చి ఏడాది కాలేదు. "తర్వాత ఏం చదవాలి?" అని అడిగినవాళ్లతో కాసేపు కబుర్లాడి, వాళ్లకి నప్పే పుస్తకం వెతికి, కాగితంలో చుట్టి, పురికొసతో కట్టి, ఎవరిదో పెన్సిలుతో రాసి, తలుపు పక్క అరలో పెట్టేది. ఇంటికెళ్లి విప్పేదాకా లోపలేముందో తెలియకపోవడమే సరదా. దర్జీ అక్క ఇంతవరకు ఒక్క పుస్తకమూ పూర్తి చేయలేదు. ఇది నచ్చకపోతే మళ్లీ చదవమని అడగనని మాటిచ్చి మరీ కట్టిన పొట్లం అది.

"పొరపాటు జరిగింది అక్కా. మార్చి ఇస్తాను."

"ఉండనీలే. ఇంత బరువు మోశాక రెండు పేజీలైనా చూడకపోతే ఎలా?"

దర్జీ అక్క పుస్తకాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఇక రాదు అనుకుంది లైబ్రేరియన్.

కొన్నాళ్లకి గడియారాలు బాగుచేసే బాబాయి వచ్చాడు. హత్యలు తప్ప మరొకటి చదవని మనిషి.

"ఏమ్మా, ఈసారి పుస్తకంలో ఒక్కడూ చావలేదు."

"అయ్యో, నేను మీకు కట్టింది..."

"ఎవడో ఒకడు చస్తాడని చివరిదాకా చూశా. ఆ తోటమాలి గులాబీలు పెంచుకుంటూ కూర్చున్నాడు. భోజనం చల్లారిపోతోందని మా ఆవిడ అరుస్తున్నా నేను లేవలేదు. అలాంటిది ఇంకోటుందా?"

సంతోషించాలో ఏడవాలో లైబ్రేరియన్‌కి తెలియలేదు. ఎవరో తన పొట్లాలు మారుస్తున్నారు. పైగా తనకన్నా బాగా ఎంచుతున్నారు. అలాంటప్పుడు ఈ కుర్చీలో తనెందుకు?

తను కట్టిన హత్య నవల కోసం అరల మధ్యకి పరుగెత్తింది. నవల దాని చోటే ఉంది. సరైన వరుస, అటూ ఇటూ సరైన నంబర్లు, వెన్ను అర అంచుతో సమంగా. లోపల చివరి పేజీల్లో గుర్తుకి పురికొస ముక్క. ఎవరో చదివి మరీ పెట్టారు. కథల పుస్తకం చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

పాఠకుడెవడూ పుస్తకాన్ని తీసిన చోట పెట్టడు. వంటల పుస్తకాన్ని నక్షత్రాల పక్కన దూర్చి చేతులు దులుపుకుంటాడు. తెచ్చి, నంబరు చూసి మరీ సర్దే దొంగ ఎవరు? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి అరల నంబర్లు తెలియవు కాబోలు.

"పిన్నీ, పొద్దున మీరు తాళం తీశాక ఎవరైనా వస్తారా?" అని ఊడ్చే పిన్నిని అడిగింది.

"పెద్దసారు తప్ప ఎవరొస్తారు? రిటైరైనా ఆ కిటికీ తెరలు ఆయనే తియ్యాలి. నేను తీస్తే వంకరట."

పెద్దసారు. నిరుటిదాకా ఇక్కడి లైబ్రేరియన్. ఆమెకి పని నేర్పిన మనిషి.

ఆ సాయంత్రమే దర్జీ అక్క వచ్చింది, ఉత్త చేతులతో.

"ఓడ ఇంకా ఒడ్డుకి చేరలేదమ్మా. కాలర్లన్నీ ఆగిపోయాయి, గిరాకీలు తిడుతున్నారు. ఇంకో వారం గడువివ్వు. అన్నట్టు, నాకోసం కట్టిన అసలుదేదో ఉందిగా, అది దాచిపెట్టు."

మర్నాడు పొద్దున్నే లైబ్రేరియన్ అర వెనక నక్కింది. పెద్దసారు వచ్చాడు. తెరలు తీశాడు. అటూ ఇటూ చూశాడు. పొట్లం కోసం చాచిన చేయి గాలిలోనే ఆగిపోయింది.

పొట్లం మీద పెన్సిలుతో "పెద్దసారుకి" అని ఉంది.

"విప్పండి సార్," అంటూ ఆమె ఇవతలికి వచ్చింది. పని నేర్పిన మనిషికి పుస్తకం ఎంచడం ఇదే మొదలు.

ఆయన కుర్చీలో కూలబడి పురికొస విప్పాడు. ఎన్నడూ రైలెక్కని స్టేషన్ మాస్టర్ గురించిన నవల. ఒక పేజీ చదివాడు. ఇంకోటి తిప్పాడు. కిసుక్కున నవ్వాడు. కళ్లజోడు తుడుచుకుని తలెత్తాడు.

"దొంగని నేనేనమ్మా. తెరలు వట్టి సాకు. ఇన్నేళ్లూ ఊరందరికీ ఏం చదవాలో చెప్పాను. 'సార్, మీరిది చదవండి' అని నాతో ఒక్కళ్లూ అనలేదు. వడ్డించేవాడి విస్తరి ఎవరు చూస్తారు? నువ్వు పొట్లాలు కడుతుంటే నోరూరేది. నీకు నేర్పినవాణ్ని, నిన్ను అడగడానికి మొహం చెల్లలేదు. అందుకని వాళ్లవి పట్టుకెళ్లాను. వాళ్లు ఉత్త చేతులతో పోకూడదని నాకు తోచినవి పెట్టాను. బాబాయి నవల్లో హంతకుడెవడో ఆఖరిదాకా కనుక్కోలేక జుట్టు పీక్కున్నాను. దర్జీ అమ్మాయి కథలు ఇదిగో, నా సంచిలోనే ఉన్నాయి. ఆవిడకే ఇవ్వు, అచ్చం ఆవిడ కోసం పుట్టినట్టున్నాయి. నాకంటే బాగా ఎంచుతావని నీతో చెబుదామనుకుంటే, ఎలా తెలిసిందని అడుగుతావుగా. ఇక ఎవరి పొట్లమూ ముట్టుకోను. ఇది మాత్రం రేపటికల్లా అయిపోయేలా ఉంది. తర్వాత ఏం చదవను?"