పుష్పరాణి రాసిన పిల్ల

"ఇది సాయంత్రం ఇంటికి రాకపోతే ఏటి సేద్దుమయ్యా?"

పుష్పరాణి ఆ మాట అనేటప్పటికి కూతురు పూజిత ఇంకా బయలుదేరనే లేదు. గుమ్మంలో వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంటోంది.

ఆమె మొగుడు గురువులు టీ గ్లాసు కింద పెట్టి, "ముందు ఎల్లనీయే. ఎల్తే కదా రాకపోవడం," అన్నాడు.

"నవ్వులాటగా ఉందేటి నీకు? ఆ మబ్బు సూడు."

"ధుర్, ఊరుకో అమ్మా, రోజూ ఇదే గోల," అంటూ పూజిత తల్లి ఫోను అందుకుని ఏదో నొక్కింది. "ఇదిగో, దీన్ని పాడ్‌కాస్ట్ అంటారు. తెలుగే. కథలు రాసీవోలు కూకొని మాటాడుకుంటారు. పని సేసుకుంటా ఇను. నాకు గంటగంటకీ ఫోన్ సెయ్యకు, ఆసుపత్రి కౌంటర్లో అందరూ నవ్వతన్నారు."

అలా మొదలైంది.

పుష్పరాణిది పలాస అవతల పల్లె. చదువు ఏడో తరగతితో ఆగింది. పెళ్ళి చేసుకుని, గంగ ఒడ్డున బెంగాలీవాళ్ళ ఊరైన గార్డెన్ రీచ్‌లో కార్పొరేషన్ వాళ్ళ క్వార్టర్లకు వచ్చింది. గురువులు మురుగునీటి పంపుల దగ్గర పనిచేస్తాడు. వానాకాలం వస్తే ఇంటి మొహం చూడడు. పూజిత రోజూ లాంచీలో గంగ దాటి, నాజిర్‌గంజ్‌లో ఒక కంటి ఆసుపత్రిలో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటుంది. ఇక పగలంతా మిగిలేది పుష్పరాణి, ఒక గది, పక్కనే ఉన్న మెటియాబ్రుజ్ దర్జీ దగ్గర్నుంచి వచ్చిన గౌన్ల మూట. చిన్నపిల్లల గౌన్లకు వేలాడే దారాలు కత్తిరించి మడత పెట్టడం ఆమె పని. చుట్టూ తెలుగు ఇళ్ళే అయినా పగలు ఎవరి పనుల్లో వాళ్ళుంటే, మాట్లాడే మనిషి లేక నాలుక పిడచగట్టుకుపోయే ఇంట్లోకి జయంత్ అనే కుర్రాడి గొంతు వచ్చి కూర్చుంది. వారం వారం ఎవరో ఒక రచయితను పిలిచి, ఎలా రాస్తారు, ఎందుకు రాస్తారు అని తొలిచి తొలిచి అడుగుతాడు.

"మీరు ఏ వేళప్పుడు రాస్తారండీ?" అని అతనడిగితే, అవతలి రచయిత గొంతు సవరించుకునేలోపే పుష్పరాణి, "అన్నం వార్చీసాక బాబూ," అనేసేది. అని, తనలో తనే సిగ్గుపడి కత్తెర అందుకునేది. అప్పటికామె ఒక్క ముక్కా రాయలేదు మరి.

రఘురాం అనే పెద్దాయన ఒక వారం, "మనిషిది ఏ ఊరో తర్వాత చెప్పండి. ముందు ఏ వైపు తిరిగి పడుకుంటాడో చెప్పండి," అన్నాడు. ఆ రాత్రి పుష్పరాణి, మొగుడు నిద్రపోతుంటే కన్నార్పకుండా చూసింది. గోడవైపు తిరిగి, మోకాలి కింద చెయ్యి పెట్టుకుని పడుకుంటాడని ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించనే లేదు. ఇంకో వారం ఒకావిడ, "తెలిసింది రాయడం తేలికమ్మా. దేనికి భయపడతారో అది రాయండి," అంది. పుష్పరాణి చేతిలో కత్తెర ఆగిపోయింది. భయాలకైతే ఆమె దగ్గర కరువు లేదు.

"నానూ కథలు రాస్తానయ్యా," అని గురువులుతో అంది.

"కథలా? మరి రోజూ పొద్దున్నే నువ్వు మాకు సెప్పీవి ఏటవి?" అని అతను టవలు దులుపుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పైకి అనే భయాలు వేరు. మబ్బు, కంటైనర్ లారీలు, తెగిపడిన కరెంటు తీగలు. లోపల దాచుకున్న ఒక్క భయం నోట్లోంచి జారకుండా ఉండడానికే మిగతావన్నీ వాగేది.

ఆ వానలకు ముందు, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పూజిత వేళకాని వేళ ఇంటికొచ్చి, తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆసుపత్రి పక్క కళ్ళజోళ్ళ షాపులో సాకేత్ అనే అబ్బాయి పెళ్ళి చేసుకుంటానని తిప్పుకుని, ఇంకో పిల్లతో అచ్చువేసిన తన శుభలేఖను అందరితోపాటు ఈ పిల్ల ఫోనుకూ పంపించాడు. "నాన్నకి సెప్పకమ్మా. ఎవులికీ సెప్పకు," అంది. మర్నాడు మొహం కడుక్కుని మామూలుగా లాంచీ ఎక్కింది. పుష్పరాణి గుండెలో గంగ చేరింది ఆ రోజే. పిల్ల రోజుకు రెండుసార్లు ఆ నీళ్ళ మీద నిలబడుతుంది. మనసులో ఏముందో? అడుగుదామని నోరు తెరిచేది. తథాస్తు దేవతలు విని అలాగే కానీ అంటే? మూసేసేది.

అదే రాసింది. ఫోనులో ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కుతూ, తనకు తనే వాట్సాప్‌లో పంపుకుంటూ రాసింది. పూజిత చదువంతా హిందీ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడడమే. చదవమంటే బస్సు బోర్డు చదివినట్టు రెండు అక్షరాలు కూడబలుక్కుని వదిలేస్తుంది. తెలుగులో రాస్తే పెట్టెలో పెట్టి తాళం వేసినట్టేనని పుష్పరాణి ధీమా. పిల్ల పేరు మార్చింది, గంగను ఏరు అంది. తక్కినవేవీ మార్చలేదు. ఎడమ కనుబొమ మీది గీత, చున్నీ కొస నమిలే అలవాటు, ఫోనుకొచ్చిన శుభలేఖ, "నాన్నకి సెప్పకమ్మా" అన్న మాట. చిన్న చిన్న సంగతులే కథకు ప్రాణమని రఘురాం గారు చెప్పారు కదా. చివర్లో ఆ పిల్ల సాయంత్రం ఇంటికి రాదు. తల్లి అన్నం కుండ మీద మూత తీయదు.

శ్రోతలు కథలు పంపితే బాగున్నది చదివి వినిపిస్తామని జయంత్ అంటుంటే ఆమె విన్నదే. కానీ తన కథ చదువుతారని నమ్మితే కదా! పంపించింది. పంపించి మర్చిపోయినట్టు నటించింది.

ఆదివారం పొద్దున్న కుళాయి దగ్గర పక్కింటి మహాలక్ష్మమ్మ గావుకేక పెట్టింది. "ఓలమ్మ, ఓలమ్మ! మన పుష్పరాణి పేరు సెప్తన్నాడర్రా! గార్డెన్ రీచ్ అంటన్నాడు!" ఈ పాడ్‌కాస్ట్ సంగతి ఆ మహాతల్లికి చెప్పింది పుష్పరాణే. ఎవరో ఒకరితో చెప్పకపోతే ఊపిరాడలేదు. మహాలక్ష్మమ్మ ఫోను గొంతు పెంచి గట్టు మీద పెట్టింది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందెలు దించారు. గురువులు గడ్డానికి సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. తలారబెట్టుకుంటున్న పూజిత కూడా నవ్వుతూ వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

జయంత్ చదువుతున్నాడు. మొదట పుష్పరాణికి తన మాటలేనా ఇవి అనిపించింది. పట్టుచీర కట్టుకుని వచ్చినట్టున్నాయి. కనుబొమ మీది గీత దగ్గరికొచ్చేసరికి ఆమెకు తెలిసింది. కథకు తాళం అక్షరాలకే గాని చెవికి లేదు. శుభలేఖ దగ్గర ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నాన్నకి సెప్పకమ్మా" అన్న దగ్గర గురువులు కూతురి వైపు తిరిగాడు. పూజిత తన భుజం మీది చెయ్యి ఎప్పుడు తీసేసిందో పుష్పరాణికి తెలియలేదు. జయంత్ ఆ పిల్లను ఏటికి పంపించి, అన్నం కుండ దగ్గర ఆగాడు. తర్వాత అతనూ, అతిథిగా వచ్చిన జ్ఞానప్రసూన అనే రచయిత్రీ ఏదేదో మెచ్చుకున్నారు. ఎవరూ వినలేదు.

"తథాస్తు దేవతలుంటారే తల్లీ!" అంది మహాలక్ష్మమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని. "కడుపున పుట్టిన పిల్లని గంగలోకి తోసీసినావేటే?"

పూజిత లోపలికి వెళ్ళి జడ వేసుకుంది. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు.

అరిచినా బాగుండేది. అరవలేదు. పెట్టింది తింది, గిన్నె కడిగింది, తండ్రితో అవసరమైన నాలుగు మాటలు మాట్లాడింది. తల్లి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. "కొట్టనైనా కొట్టవేటే?" అని పుష్పరాణి ఒకరోజు కాళ్ళావేళ్ళా పడినా, ఉతికిన బట్టలు మడత పెట్టుకుంటూ కూర్చుంది. క్వార్టర్లలో ఆడవాళ్ళు మాత్రం, "పూజితకి ఒంట్లో బాగుందా?" అని గొంతు తగ్గించి అడగడం మొదలుపెట్టారు. గురువులు ఒకసారి, "నాకు సెప్పకుండా దేశానికంతా సెప్పినావు," అని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. వానలు వెనకబట్టాయి. దసరా పూజా పందిళ్ళకు వెదుళ్ళు లేచాయి. ఇంట్లో మాట లేవలేదు.

పుష్పరాణి మళ్ళీ ఒంటరిగా దారాలు కత్తిరించింది. పాడ్‌కాస్ట్ ముట్టుకోవాలంటే చేతికి నిప్పు తగిలినట్టుండేది. ఒక మధ్యాహ్నం గది మరీ నిశ్శబ్దంగా ఉంటే, తను చేసిన పాపం తనే వినాలనుకుని ఆ ఆదివారం భాగమే పెట్టుకుంది. కథ అయిపోయింది. ఆ రోజు వినని జ్ఞానప్రసూన గొంతు వచ్చింది.

"తల్లి భయం చాలా బాగా రాశారావిడ, జయంత్ గారూ. కానీ నాకొకటే లోటు. ఆ అమ్మాయి మనసులో ఏముందో ఈ కథలో ఎక్కడా లేదు. ఆ తల్లి తన భయాన్నే కూతురి మనసు అనుకుంది. ఒక్కసారి ఆ అమ్మాయిని అడిగి ఉంటే ఇది వేరే కథయ్యేది."

పుష్పరాణి చెవుల్లోంచి తీగలు లాగేసింది. గౌను ఒళ్ళోంచి జారింది. లేచి, చీర కూడా మార్చుకోకుండా తలుపు గొళ్ళెం వేసి రేవుకు ఆటో ఎక్కింది.

ఈ ఊరు వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె లాంచీ ఎక్కింది లేదు. నీళ్ళంటే ఆమడ దూరం. కళ్ళు మూసుకుని పక్కావిడ కొంగు పట్టుకుని అవతలి ఒడ్డుకు చేరింది. ఆ బెంగాలీ ఆవిడ నవ్వి, "భయ్ కీ, దీదీ?" అని, భయమెందుకక్కా అన్నట్టు చెయ్యి పట్టుకుని దింపింది. నాజిర్‌గంజ్ రేవులో జెట్టీ చెక్కల దగ్గర కూర్చుంది. ఆసుపత్రి విడిచే వేళకు పూజిత వచ్చింది. తల్లిని చూసింది. రెండు టికెట్లు కొని ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

లాంచీ కదిలింది. పూజిత కమ్మీ దగ్గర నిలబడింది. పుష్పరాణి వచ్చి పక్కన నిలబడింది. కింద నీళ్ళు మట్టి రంగులో సుడి తిరుగుతున్నాయి. చాలాసేపు కమ్మీ పట్టుకోవడమే సరిపోయింది ఆమెకు. నడి గంగకు వచ్చాక నోరు పెగిలింది.

"పూజీ. నాను రాసింది తప్పే. అది సెప్పడానికి రాలేదు. ఒకటి అడగడానికొచ్చినాను. ముందే అడగాల్సింది. దేవతలు ఇంటే ఇననీ." కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. "నీకు సచ్చిపోవాలని ఉందేటమ్మా?"

పూజిత చున్నీ కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. ఎదురుగా బొగ్గు పడవ ఒకటి మెల్లగా దాటిపోయింది. దాని అలలకు లాంచీ ఊగితే పుష్పరాణి గుడ్లు మిటకరించింది కాని కమ్మీ వదిలి వెనక్కి పోలేదు. రెండోసారి అడగలేదు. ఏడవలేదు. మెటియాబ్రుజ్ రేవులో దీపాలు ఒక్కొక్కటే పెద్దవవుతున్నాయి. లాంచీ మనిషి తాడు చుట్టి పట్టుకున్నాడు. జనం దిగడానికి లేచి నిలబడ్డారు. తల్లీకూతుళ్ళు మాత్రం అక్కడే ఉన్నారు. తాడు జెట్టీకి బిగించారు. అందరూ దిగిపోయారు.

"ఒకరోజు అనిపించింది," అంది పూజిత నీళ్ళవైపే చూస్తూ. "ఆ పెళ్ళి కార్డు ఒచ్చిన మర్నాడు. ఇప్పుడు లేదమ్మా. ఆకలేస్తంది, నిద్దరొస్తంది, ఆడు కనిపిస్తే తన్నాలనిపిస్తంది. నువ్వు అడిగుంటే ఆ రోజే సెప్పీదాన్ని."