సుకాంతి కొంగలు

పొద్దున్నే పడవలు తీరానికి రాగానే సెబతి మొదట చేసే పని ఒకటే. వలల్లో మిగిలిన చిట్టి రొయ్యల్ని గంపలో వేసుకుని, నిచ్చెనెక్కి, ఇంటి కప్పు గడ్డి మీద కొంగలకి విసరడం. తన వాటా ఒక పక్క, కొడుకు బాంఛానిధి వాటా ఇంకో పక్క, కోడలు సుకాంతి వాటా ఆమె పడుకునే గది మీద.

చిలికా సరస్సు మధ్య ఆ లంకలో ఎవరి కొంగలు వాళ్లకున్నాయి. బిడ్డ పుట్టిన పూటే చూరు మీద బిడ్డ కొంగలు వాలతాయి. ఒళ్లు బాగున్నప్పుడు కాసినే ఉంటాయి, ముక్కు రెక్కలో దూర్చి కునుకు తీస్తూ. చీము పట్టినా జ్వరం తగిలినా ఎక్కడెక్కడివో వచ్చి చేరతాయి, కప్పంతా తెల్లబడిపోతుంది. అందుకే అక్కడ రోగిని పలకరించేవాళ్లు "ఒంట్లో ఎలా ఉంది?" అనరు. "కొంగలు తగ్గాయా?" అంటారు. తగ్గాయంటే గండం గడిచినట్టే.

కిందటి వారం సుకాంతి పాదంలో జెల్ల చేప ముల్లు దిగింది. కాలు గుమ్మడికాయలా వాచింది. కొంగల బరువుకి కప్పు వెదుళ్లు కిర్రుమన్నాయి. ఒడ్డునున్న పట్నంలో రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు పంతొమ్మిది వేలని తేలింది. మందులు పడ్డాయి, వాపు తీసింది. కానీ నిన్నటి నుంచి మళ్లీ వణుకు. గుటక వేస్తే గొంతు మంట. మళ్లీ రక్తమిచ్చి వచ్చారు. ఇవాళ ఆ ఫలితం తీసుకుని బాంఛా పడవలోంచే కేకేశాడు.

"అమ్మా! పంతొమ్మిది వేలున్నవి తొమ్మిది వందలకి దిగాయే!"

"డాక్టరేమన్నాడురా?"

"ల్యాబులో అమ్మాయి వెంటనే చూపించమంది. సోమవారం వెళ్దాంలే. తగ్గిందిగా!"

సెబతి కప్పు వైపు చూసింది. సుకాంతి గది మీద ఒక్క తెల్ల చుక్క లేదు. "నిజమేరా, ఖాళీ అయింది!" అని చేతులు జోడించింది.

కొంగలు తగ్గిన మనిషికి ఇరుగుపొరుగు తలా ఒక ముద్ద పఖాళ తినిపించడం అక్కడి ఆనవాయితీ. రాత్రి నీళ్లలో నానేసిన అన్నం కుండలతో జనం వాకిట్లోకి వచ్చేశారు. అందరికంటే ముందు పక్కింటి తిలోత్తమ.

"ఏమే సుకాంతీ, నీ కొంగల రెట్టలతో మా పెరడు సున్నం కొట్టినట్టయింది. ముందు వచ్చి కడుగు, తర్వాతే ముద్ద!"

సుకాంతి నవ్వబోయి గొంతు పట్టుకుంది. "ముళ్లు గుచ్చినట్టుంది వదినా. మింగలేను."

"చల్లగా దిగితే అదే పోతుంది." తిలోత్తమకి రెండ్రోజులుగా జలుబు. ముక్కు చీది, చెంగుకి తుడుచుకుని, ఆ చేత్తోనే కుండలో ముద్ద కలిపింది.

హడావుడిలో మరిచిపోయిన రొయ్యలు గుర్తొచ్చి సెబతి నిచ్చెనెక్కింది. తన కొంగలు ఎగబడ్డాయి, బాంఛావీ ఎగబడ్డాయి. సుకాంతి గది మీద నిన్నటి రొయ్యలు అలాగే ఉన్నాయి, ఎండి, చీమలు పట్టి. సెబతి చెయ్యి ఆగిపోయింది. తిలోత్తమ ఇంటి వైపు చూసింది. మొన్న పుట్టిన ఆమె మనవడి కొంగలు కూడా చూరు మీద కునుకుతున్నాయి. ఒళ్లు బాగున్న ఏ మనిషి కప్పూ ఖాళీగా లేదు. ఖాళీ కప్పుని సెబతి బతుకులో ఒక్కసారే చూసింది, భర్త పోయిన నాడు.

"ఆ ముద్ద పెట్టకు తిలోత్తమా!"

వాకిలంతా తలెత్తింది. సుకాంతి పెదవుల దాకా వెళ్లిన చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

"పడవ తియ్యరా బాంఛా! కోడలి దగ్గర్నుంచి అందరూ జరగండి!"

"తగ్గిందిగా అమ్మా..."

"తగ్గలేదురా. లేవు! ఒక్కటీ లేదు!"

పడవలో సుకాంతి పళ్లు టకటకలాడాయి. నుదురు తాకితే సెబతి చెయ్యి చురుక్కుమంది. తెడ్డు వేస్తున్న కొడుకుని అదిలిస్తూనే ఉంది, ఒడ్డు వచ్చేదాకా.

డాక్టరు కాగితం చూసి గబుక్కున లేచాడు. "వేరే మాత్రలేమైనా వాడుతోందా?"

"థైరాయిడ్ ఎక్కువైందని, రెండు నెలలుగా," అన్నాడు బాంఛా.

"ఆపేయండి. ఆ మాత్ర ఏ కొద్దిమందికో తెల్లకణాల్ని పుట్టకుండా చేస్తుంది. అవి ఒంటికి కాపలావాళ్లయ్యా. నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉంటే మామూలు కాపలా. ముల్లు దిగినప్పుడు దొంగ దూరాడని కాపలా పెంచుకుంది, పంతొమ్మిది వేలైంది. అది దిగాల్సిందే, కానీ మామూలు దగ్గర ఆగాలి. ఇప్పుడు తలుపులు బార్లా ఉన్నాయి, కాపలావాడు లేడు. పైగా జ్వరం. ఇది రేపటిదాకా ఆగేది కాదు."

"సోమవారం తీసుకొద్దామనుకున్నాను," అన్నాడు బాంఛా నేల చూస్తూ.

డాక్టరు ముఖానికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సుకాంతిని ఒంటరి గదిలో ఉంచారు. బయట, గది కిటికీ కింద సెబతి కూర్చుంది. రోజూ రక్తం తీస్తున్నారు. అంకె కదలడం లేదు. కిటికీ అంచు ఖాళీగానే ఉంది. లోపల దగ్గు వినిపిస్తే భయమేసేది, వినిపించకపోతే ఇంకా భయమేసేది.

ఒక పొద్దున నర్సు తల బయటికి పెట్టింది. "ఇవాళ్టి రిపోర్టు ఇంకా రాలేదు మావుసీ, మధ్యాహ్నం అవుతుంది."

సెబతి వినడం లేదు. కిటికీ అంచు మీద తడి కాళ్లతో ఒక బక్క కొంగ నిలబడి ఉంది, ఇదేనా ఇల్లు అన్నట్టు మెడ వంచి లోపలికి చూస్తూ. ఆమె చెంగు ముడి విప్పి ఎండు రొయ్యలు తీసింది.

ఇప్పుడా లంకలో రోగిని పలకరించేవాళ్లు, "కొంగలు తగ్గాయా?" అని ఊరుకోరు. ఇంట్లోవాళ్లని నిచ్చెనెక్కించి మరీ అడుగుతారు: "కొన్నైనా ఉన్నాయా?"