కోడలి నోట రాని నది

కిర్గిజ్ ఇళ్లల్లో కోడలు మామగారి పేరు పలకదు. చచ్చినా పలకదు. అందులో పెద్ద కష్టమేమీ లేదు, ఆ పేరుకి ఇంకో సొంతదారు లేనంతవరకు. అనార్‌కుల్ మామగారి పేరు నరిన్. ఆమె పుట్టిన కొండ ఊళ్లో, గుమ్మం ముందు నుంచి పారే నది పేరూ అదే.

పెళ్లయి తలాస్ లోయకొచ్చిన నాటి నుంచీ ఆమె ఆ నదిని "మా ఊరి నీళ్లు" అంటోంది. మాటల్లో ఎలాగో నెట్టుకొచ్చింది. చిక్కల్లా పాటతోనే. అది పుట్టింటి పాట, గుర్రప్పాలు చిలికేటప్పుడు పాడుకునేది. నది పేరు వచ్చేచోట పెదాలు బిగించి "ఊఁ ఊఁ" అని రాగం తీసి, తర్వాతి మాట అందుకునేది. 

కూతురు మెయెరిమ్ పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నం, అందరూ టీ తాగుతుంటే, ఆ పిల్ల గోడకున్న కోముజ్ దించి తీగలు మీటింది.

"అమ్మ పాట నాతో తీసుకెళ్తా," అని ఎత్తుకుంది.

"కొండ దిగి పోయేదానా, ఊఁ ఊఁ,
నన్నొక్కదాన్నీ ఒడ్డున వదిలేశావేం?"

పాపం, పాటే అంత అనుకుంది పిల్ల. అనార్‌కుల్ చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. రేపు ఇది ఈ పాట పట్టుకుని ఇంకో ఊరెళుతుంది, దీని పిల్లలూ ఇలాగే పాడతారు, ఇక తన నది ఎవరి నోటా ఉండదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"అక్కడ ఊఁ కాదే. పేరుంది."

"ఏం పేరు?"

తల్లి అత్తగారి వైపు చూసింది. అత్తగారు బాత్మా పడీపడీ నవ్వింది. "వాళ్ల ఊరి నది పేరే మొద్దూ. మీ తాత పేరూ అదేగా. మీ అమ్మెలా అంటుంది?"

మూల దిండుకానుకున్న ముసలాయన మాత్రం నవ్వలేదు. "ఇన్నేళ్లూ నా వల్లనా? ఒక్క మాట అడగలేకపోయావా అమ్మా?"

"ఏమని అడగను మావయ్యా? అడగాలన్నా ఆ పేరు పలకాలిగా."

"సరే, నేనే చెబుతున్నా. అందరూ వినండి. ఆ పేరు పెట్టి పాడు తల్లీ, తప్పులేదు."

"పాడవే," అంది అత్తగారు. "ఆయన పేరేం అరిగిపోదు."

అనార్‌కుల్ కళ్లు మూసుకుని పాటెత్తుకుంది. ఆ చోటు రాగానే పెదాలు వాటంతటవే బిగిసిపోయాయి. ఊఁ ఊఁ. మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ అంతే.

"రావట్లేదు మావయ్యా. నా నోటికే రావట్లేదు."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన పాడితే గొర్రెలు కూడా బెదిరి మేత మానేస్తాయని ఊళ్లో పేరు. వాయించమని మనవరాలికి సైగ చేశాడు.

"కొండ దిగి పోయేదానా, నరిన్..."

తన పేరును తనే, పళ్లు లేని నోటితో, దూరంగా వెళ్లిపోతున్న మనిషిని పిలిచినట్టు పిలిచాడు.

అనార్‌కుల్ తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె ఎవరినీ ఏదీ కావాలని అడిగి ఎరుగదు.

"ఇంకొక్కసారి పిలవండి మావయ్యా," అంది.